ఆ చప్పుడు ఎక్కడిది?

పదిహేడేళ్ల బండి. ఇంట్లో మనిషిలాంటిది. ఉన్నట్టుండి ఒకరోజు మూలగడం మొదలెట్టింది. ‘టైర్లు మార్చండి’ అన్నారొకరు. ‘తుక్కుకు ఇచ్చేయండి’ అన్నారు మరొకరు. అసలు రోగమేమిటో తేలింది మాత్రం... కామారెడ్డిలో ఓ ముసలి ఉస్తాద్ చెవికి!

‘గూఁ... ఊఁ... ఊఁ...’

ఎల్లారెడ్డి దాటి పది నిమిషాలైందో లేదో వెనక సీటు కిందనుంచి మొదలైంది. బండి నలభైలో వెళ్తున్నంతసేపూ ఏమీ లేదు. యాభై దాటగానే సన్నగా వినిపించింది. అరవైకి చేరేసరికి పక్కింట్లో ఎవరో గ్రైండర్ వేసినట్టే ఉంది.

‘‘ఇన్నవా?’’ అన్నారు నాన్న స్టీరింగు వదలకుండానే.

వినకేం! సంక్రాంతి సెలవులకి ఊరొచ్చిన రోజునుంచీ ఇంట్లో అదే చర్చ. ‘పాతబండి అన్నంక సప్పుడు రాదా’ అని నాన్న. ‘ఆ సప్పుడు ఇని ఇని నాకు తలకాయ నొస్తుంది’ అని అమ్మ. డల్లాస్‌లో ఉన్న బావ అయితే ‘ఫోన్‌లో రికార్డుచేసి వాట్సప్‌లో పెట్టండి, మా ఆఫీసులో ఇంజినీర్లకి వినిపిస్తా’ అన్నాడు. పెట్టాం కూడా. అందులో అమ్మ మాటలు బాగా వినపడ్డాయి, బండి మూలుగు మాత్రం వినపడలేదు. మనిషి గొంతు స్పష్టంగా ఉండాలని ఫోన్లు ఇలాంటి ఏకధాటి మోతని నొక్కేస్తాయట మరి.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ మా ఊరికీ కామారెడ్డికీ మధ్య సుమారు 40 కిలోమీటర్లు. రైలెక్కాలన్నా, పెద్ద డాక్టరుకు చూపించాలన్నా అక్కడిదాకా పోవాల్సిందే. లింగంపేట వైపు అడవి వచ్చేచోట రాత్రి పది దాటితే రోడ్డుమీద మనిషి కనిపించడు. వాడకట్టులో అర్ధరాత్రి ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరికి గుండె పట్టేసినా ముందు తట్టేది మా ఇంటి తలుపే. కారణం- వాకిట్లో ఉన్న ఏడు సీట్ల బండి. అలాంటిది అడవి మధ్యలో ఆగిపోతే? వెనక పడుకోబెట్టిన మనిషి గతేం కాను?

అందుకే ఈసారి ఆ చప్పుడు సంగతేంటో తేల్చుకునేదాకా తిరిగి డ్యూటీకి వెళ్లకూడదనుకున్నా.

అందరి ఇళ్లలోనూ ఓ పెద్దబండి

తెలుగునాట మధ్యతరగతి కుటుంబాలకి ‘ఇంటిల్లిపాదీ పట్టే బండి’ మీద మోజు మొదలైంది 1990ల్లోనే. టాటా సుమో వచ్చింది 1994లో. సుమో అంటే జపాన్ మల్లయోధుడని చాలామంది అనుకుంటారుగానీ, టెల్కోని తీర్చిదిద్దిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. 2000లో టొయోటా క్వాలిస్, మహీంద్రా బొలెరో రోడ్డెక్కాయి. 2002లో స్కార్పియో వచ్చింది. క్వాలిస్ 2005లో, సుమో 2019లో తయారీ ఆగిపోయినా ఊళ్లలో అవి ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. పెళ్లిళ్లకీ తిరుపతి ప్రయాణాలకీ పొలానికి ఎరువు బస్తాలు వేయడానికీ అన్నిటికీ అవే.

మాదీ ఆ కాలపు బండే. 2008లో కొన్నారు నాన్న, పంతులుగా పనిచేస్తున్నప్పుడు. నంబరు ప్లేటుమీద ఇప్పటికీ ఉమ్మడి నిజామాబాద్ జిల్లా గుర్తు ‘ఏపీ 25’ ఉంటుంది. 2016 అక్టోబరులో కామారెడ్డి వేరే జిల్లా అయింది, కొత్త బండ్లకి కొత్త నంబర్లొచ్చాయి. మా బండి మాత్రం పాత పేరుతోనే ఉంది. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండి దారుఢ్యం చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌నుంచి కార్లకి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. నాన్న 2023లో ఆ ఐదువేలూ కట్టి, ‘ఇంకో అయిదేండ్లు మనల్ని ఇడిచిపోదు’ అని మురిసిపోయారు.

మరి ఇప్పుడీ మూలుగేమిటి?

ముగ్గురు... మూడు మాటలు

మొదట చూపించింది టైర్ల షాపులో. ‘వెనక టైర్లు అరిగినయ్, అదే మోత’ అన్నాడతను. నిజంగానే కాస్త అరిగాయి. రెండు కొత్తవి వేయించారు. పదకొండువేలు అయ్యాయి. ఇంటికొచ్చే దారిలోనే మళ్లీ ‘గూఁ...’!

తర్వాత ఓ షెడ్డుకి తీసుకెళ్లారు. అక్కడి మెకానిక్ బండెక్కకుండానే చక్రాల దగ్గర చెవి పెట్టి ‘హౌసింగ్ పోయింది సార్. క్రౌన్, పినియన్ సెట్టు మొత్తం మార్చాలె. నలభై అయిదు వేలు పెట్టుకోండ్రి’ అన్నాడు. బండి ఇప్పుడమ్మితే వచ్చేది దానికి రెట్టింపు ఉంటుందో ఉండదో! ఆ మాట విన్న మా చిన్నాన్న ‘అంత పెట్టే బదులు తుక్కుకు ఇచ్చెయ్ అన్నా’ అని తేల్చేశాడు.

నాన్న ఆరోజు అన్నం సరిగా తినలేదట. అమ్మ చెప్పింది.

మూడోసారి మేం వెళ్లింది కామారెడ్డిలో పెద్ద రోడ్డు పక్కనున్న ఓ పాత షెడ్డుకి. శ్రీనగర్‌నుంచి కన్యాకుమారిదాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి- ఒకప్పటి ఏడో నంబరు రోడ్డు- ఈ ఊరిమీదుగానే వెళ్తుంది. దాని పుణ్యమా అని ఇక్కడ లారీలకీ ట్రాక్టర్లకీ వరికోత మిషన్లకీ షెడ్లు బోలెడు. మేం వెళ్లిన షెడ్డు ఉస్తాద్‌కి డెబ్భై దగ్గర పడ్డాయి. గడ్డం మొత్తం తెల్లబడింది. చేతివేళ్ల సందుల్లోని గ్రీజు నలుపు మాత్రం ఇక పోయేదిలా లేదు.

నాన్న జరిగిందంతా చెప్పి, ‘‘ఎంతయితది ఉస్తాద్?’’ అన్నారు.

ఆయన నవ్వాడు. ‘‘ఎంతయితది అని అందరడుగుతరు సార్. ఎప్పుడొస్తది అన్నది ఎవ్వరూ చెప్పరు. ఆవాజ్ ఎప్పుడొస్తదో చెప్పుండ్రి ముందు.’’

ఆ ఒక్క ప్రశ్నలోనే సగం వైద్యం ఉందని ఆ పూట అర్థమైంది.

చప్పుడుకి చిరునామా

ఉస్తాద్ అడిగినవాటిని అర్థం చేసుకోవాలంటే ఇంజిన్ బలం చక్రందాకా ఎలా వెళ్తుందో తెలియాలి. ఆ కాలపు పెద్దబండ్లలో ఇంజిన్ ముందుంటుంది, తిరగాల్సింది వెనక చక్రాలు. మధ్యలో పెద్ద ప్రయాణమే.

ఇంజిన్ తర్వాత క్లచ్. దాని వెనక గేర్‌బాక్స్. అక్కణ్నుంచి బండి కడుపు కింద వెనక్కి పోయే పొడవాటి గొట్టం- ప్రొపెల్లర్ షాఫ్ట్. దాని చివర్లలో ఉండే కూడలి గుర్తులాంటి చిన్న ఇనుపముక్కని షెడ్లలో ‘క్రాస్’ అంటారు. బండి గుంతలో దిగి లేచినప్పుడల్లా వెనక ఇరుసు పైకీ కిందికీ కదులుతుంది కదా... షాఫ్ట్ విరిగిపోకుండా ఎటుపడితే అటు వంగుతూ తిరగడానికే ఈ ఏర్పాటు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుమీద దీన్ని ‘హుక్స్ జాయింట్’ అనీ పిలుస్తారు.

ఆ షాఫ్ట్ వెళ్లి చేరేది వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా కనిపించే డొప్పలోకి. మెకానిక్‌ల భాషలో అదే ‘హౌసింగ్’. లోపల పినియన్ అనే చిన్న పళ్లచక్రం, క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. పొడవునా తిరుగుతూ వచ్చిన బలం ఇక్కడ అడ్డంగా మళ్లి రెండు చక్రాలకీ చేరుతుంది. పినియన్ సుమారు నాలుగుసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఈ నాలుగుకి ఒకటి లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరపడుతుంది.

ఈ డొప్పలోనే మరో తెలివైన ఏర్పాటు ఉంది. బతుకమ్మ ఆడేటప్పుడు చూడండి... లోపలి వరసలో వాళ్లు మెల్లగా అడుగులేస్తే సరిపోతుంది, బయటి వరసలో వాళ్లు పెద్ద చుట్టు తిరగాలి. బండి మలుపు తిరిగేటప్పుడూ అంతే. బయటివైపు చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి. ఎడ్లబండికి ఈ ఇబ్బంది లేదు, ఏ చక్రం దారి దానిదే. కానీ మోటారు బండిలో రెంటినీ ఒకే షాఫ్టు తిప్పాలే! ఒక్కో చక్రం తనకి కావాల్సిన వేగంతో తిరిగేలా చేసేదే డిఫరెన్షియల్. ఆవిరిబండ్ల కాలంలోనే, 1820ల్లో, ఫ్రాన్స్‌కి చెందిన ఒనెసిఫోర్ పెక్యూర్ దీనికి పేటెంటు తీసుకున్నాడు.

ఇక చక్రాల దగ్గర హబ్ బేరింగులు, చివరికి టైర్లు. అంటే మూలిగేవాళ్లు ఇంతమంది! అందరూ ఒకే ఇనుప చట్రానికి అంటుకుని ఉండటంవల్ల ఒకచోట పుట్టిన మోత ఇంకోచోట వినిపిస్తుంది. అందుకే చెవి పెట్టి ‘ఇదే’ అనేస్తే పదింట ఐదుసార్లు తప్పవుతుంది. ఏ వేగంలో, ఏ పని చేస్తే చప్పుడు మారుతోందో చూడాలి.

వెనక సీట్లో డాక్టరు

‘‘పోదాం పాండ్రి’’ అని ఉస్తాద్ బండెక్కాడు. డ్రైవర్ సీటు పక్కన కూర్చుంటాడనుకున్నాం. ఊహూఁ... వెనక సీట్లో, సరిగ్గా ఇరుసు మీద కూర్చున్నాడు. కిటికీలు ఎత్తించి, పాటలూ ఏసీ ఆపించాడు. సీటు కింద దొర్లుతున్న జాకీ రాడ్డునీ అమ్మ టిఫిన్ డబ్బానీ నా ఒళ్లో పెట్టాడు. ‘‘ముందుగాల వేరే ఆవాజులు బంద్ కావాలె.’’

తాడ్వాయి దారి పట్టాం. ఖాళీ రోడ్డు. నాన్నకి ఒక్కొక్కటే చెబుతూపోయాడు.

మొదట ‘‘యాభై మీద నాలుగో గేర్’’ అన్నాడు. గూఁ... వినిపించింది. ‘‘గిప్పుడు అదే స్పీడ్‌ల మూడో గేర్.’’ ఇంజిన్ హోరు పెరిగింది, ఆ మూలుగు మాత్రం అదే శ్రుతిలో ఉంది. ‘‘అయితే ఇంజిన్‌ది కాదు, క్లచ్‌ది కాదు. గేర్‌బాక్సులో ముందటి బేరింగు గూడ కాదు.’’ అవైతే ఇంజిన్ వేగంతోపాటే మోతా మారుతుంది. ఒక్క పరీక్షతో బండి ముందు సగం నిర్దోషిగా తేలిపోయింది!

రోడ్డు మారింది. తారు పోయి సిమెంటు ముక్క వచ్చింది. టైర్ల చప్పుడు మారిందిగానీ కింద మూలుగు మారలేదు. ‘‘టైర్లది గూడ కాదు’’ అన్నాడు. నాన్న అద్దంలోంచి నావైపు చూశారు. పదకొండువేలు గుర్తొచ్చి ఉంటాయి.

ఎదురుగా ఎవరూ లేనిచోట బండిని మెల్లగా ఎడమకీ కుడికీ ఊగించమన్నాడు. ఎడమకి తిప్పితే బరువంతా కుడిచక్రం మీద పడుతుంది, కుడికి తిప్పితే ఎడమచక్రం మీద. హబ్ బేరింగ్ పోతే ఒకవైపు తిప్పినప్పుడు మోత పెరిగి, రెండోవైపు తగ్గుతుంది. మాకు రెండువైపులా ఒక్కటే!

‘‘గిప్పుడు ఎక్సలేటర్ తొక్కుండ్రి... ఇడువుండ్రి... మల్ల తొక్కుండ్రి.’’

ఇదిగో ఇక్కడ దొరికింది దొంగ. తొక్కితే ‘గూఁ’ గట్టిపడుతోంది. వదిలితే సన్నబడుతోంది. న్యూట్రల్ చేస్తే ఇంకా తగ్గి, పూర్తిగా మాత్రం పోవడంలేదు. ఇంజిన్ బలం మీద పడ్డప్పుడు అరుస్తోందంటే ఆ బలం మోసే చోటే గాయం ఉందన్నమాట. పైగా మోత సన్నటి శ్రుతిలో ఉంది. చక్రం బేరింగైతే ఇదే వేగంలో ఇంకా బొంగురుగా ఉండాలి. చక్రంకన్నా నాలుగురెట్లు వేగంగా తిరిగేది ఏది? పినియన్!

షెడ్డుకి తిరిగొచ్చాక ఆగిన బండిని ముందుకోసారి, రివర్సులోకోసారి కదిలించమన్నాడు. కింద ‘టక్’మంది. నేను అప్పటిదాకా గమనించనేలేదు. ‘‘ఆవాజ్ ఒకటి కాదు సార్, రెండున్నయ్. పెద్దది చిన్నదాన్ని దాచింది’’ అన్నాడు ఉస్తాద్.

టీ రంగు నూనె

బండిని ఎత్తి, కింద ఇనుప స్టాండ్లు పెట్టారు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవర్నీ పోనివ్వడట ఉస్తాద్. షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే వెనక క్రాస్ దగ్గర సన్నని ఆట కనిపించింది. గ్రీజు ఉండాల్సినచోట ఎర్రటి తుప్పు పొడి. ‘టక్’ అన్నది అదే.

తర్వాత హౌసింగ్ బిరడా విప్పారు. లోపల గేర్ ఆయిల్ తేనెరంగులోనో, పాతబడితే నల్లగానో ఉండాలి. మా బండిలోంచి వచ్చింది మాత్రం చిక్కటి పాలటీ! వేలికి రాసుకుని ఎండకి పట్టి చూపించాడు ఉస్తాద్... మెరుస్తున్న సన్నటి ఇనుప రజను.

‘‘నీళ్లు పోయినయ్ సార్. ఏ వాగుల దింపిండ్రు బండిని?’’

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా ‘‘వరదలప్పుడు...’’ అన్నారు.

2025 ఆగస్టు 27, 28 తేదీలు కామారెడ్డి జిల్లాలో ఎవరూ మర్చిపోరు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డి కాలనీల్లో కార్లు కొట్టుకుపోయాయి. భిక్కనూరు- తలమడ్ల మధ్య పట్టాల కింద కట్ట కోసుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఎక్కడికక్కడ రోడ్లు తెగిపోయాయి. నిజాం కాలంలో కట్టిన పోచారం ప్రాజెక్టు తెగుతుందేమోనని ఊళ్లకి ఊళ్లే నిద్రపోలేదు. అది నిలబడింది.

ఆ వానలు వెలిశాక, నీళ్లింకా పూర్తిగా తియ్యకముందే, మా వాడకట్టులో ఒక నిండు గర్భిణిని నాన్న ఈ బండిలోనే తీసుకెళ్లారు. ఓ కల్వర్టు దగ్గర చక్రం సగం మునిగేంత నీళ్లు. దాటించారు. బిడ్డా తల్లీ క్షేమం. బండీ ఆగలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ‘నీళ్లు పారేచోట బండి దింపడం తప్పేరా, నాకు తెల్వదా’ అన్నారు నాన్న. తెలుసు. అయినా ఆరోజు ఇంకో దారి లేకపోయింది.

అసలేం జరిగిందంటే... దూరం నడిచిన బండిలో హౌసింగ్ కాలిపోతుంటుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినప్పుడు బయటికి పోవడానికి పైన ‘బ్రీదర్’ అనే చిన్న రంధ్రం ఉంటుంది. వేడి హౌసింగ్ చల్లటి నీళ్లలో మునగ్గానే ఆ గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. బయటి గాలి లోపలికి రావాలి. మా బండిలో బ్రీదర్ మట్టితో మూసుకుపోయింది. దాంతో అరిగిన ఆయిల్ సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంది.

పినియన్, క్రౌన్ పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ రుద్దుకుంటాయి కూడా. ఆ ఒత్తిడికి మామూలు ఇంజిన్ ఆయిల్ పనికిరాదు, ఇలాంటి ఇరుసులకి సాధారణంగా జీఎల్-5 రకం చిక్కటి గేర్ ఆయిల్ వాడతారు. అందులో నీళ్లు కలిస్తే ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండే నూనె పొర నిలవదు. బేరింగు రోలర్లమీద తుప్పు మచ్చలు పడతాయి. మచ్చలు గుంటలవుతాయి. ఆ గుంటలు నిమిషానికి వేలసార్లు దొర్లితే వచ్చేదే... ఆ మూలుగు. నీళ్లు పోయిన రోజున రాదు. నెలలు పోయాక మెల్లగా మొదలవుతుంది.

హౌసింగ్ మొత్తం విప్పాక ఉస్తాద్ పళ్లచక్రాల్ని గుడ్డతో తుడిచి, ఒక్కో పన్నూ వేలితో తడిమి చూశాడు. పళ్లకి రంగు పూసి చేత్తో తిప్పాడు. రంగు చెరిగిన ముద్ర పంటి మధ్యలో పడింది. అంటే క్రౌన్, పినియన్ దెబ్బతినలేదు! పోయింది పినియన్ బేరింగులు మాత్రమే. వాటిమీద చిన్నచిన్న గుంటలు కంటికే కనిపించాయి.

‘‘ఇంకో రెండు నెలలు నడిపిస్తే ఇవి పగిలి పండ్లు తింటుండె. అప్పుడు ఆ నలభై అయిదు వేలు నిజమయితుండె’’ అన్నాడు.

ఇంతకీ అయిందెంత?

రెండు పినియన్ బేరింగులు, ఆయిల్ సీళ్లు, కొత్త స్పేసరు, క్రాస్, గేర్ ఆయిల్, రెండురోజుల కూలి... అన్నీ కలిపి పద్నాలుగువేల చిల్లర. పినియన్ నట్టు బిగించేటప్పుడు మాత్రం ఉస్తాద్ ఫోను కూడా ఎత్తలేదు. వదులుగా ఉంటే పళ్లు అరుస్తాయి, మరీ బిగిస్తే బేరింగు కాలిపోతుంది. ఆ బిగువుని కాపాడేందుకు మధ్యలో వేసే స్పేసరు ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. పాతదే వేసి బిగించేయడంవల్లే చాలా బండ్లు బాగుచేయించిన నెలకే మళ్లీ మూలుగుతాయట.

అన్నిటికన్నా చవకైన పని చివర్లో జరిగింది. షెడ్డులో పనిచేసే కుర్రాడు బ్రీదర్ విప్పి, సన్నటి తీగతో మట్టి తీసి, గాలికొట్టి బిగించాడు. అయిదు నిమిషాలు పట్టలేదు. దానికి డబ్బులు తీసుకోలేదు. వరద తర్వాతి వారంలోనే ఆ పని చేయించి నూనె మార్పించి ఉంటే బేరింగులు బతికేవి. వాగులు పొంగిన ఏ ఊళ్లో అయినా చక్రం మునిగేంత నీళ్లలోంచి వచ్చిన బండి ఉంటే ఆ పని ఇవాళే చేయించండి. చప్పుడు కోసం ఎదురుచూడొద్దు.

‘పాతబండి కదా, చప్పుడు మామూలే’ అనుకోవడంలో ఇంకో ప్రమాదం ఉంది. క్రాస్ విరిగి షాఫ్ట్ ముందు కొస జారి రోడ్డుమీద గుచ్చుకుంటే పరుగుమీదున్న బండి ఎగిరి పల్టీకొట్టగలదు. పినియన్ పట్టేస్తే వెనక చక్రాలు ఉన్నపళంగా బిగుసుకుపోతాయి. చప్పుడు అంటే బండి ముందుగా ఇచ్చే నోటీసు.

మీ బండి ఏమంటోంది?

* రోడ్డు మారితే మోత మారుతోందా? ముందు టైర్లు చూడండి. గాలి, అరుగుదల సరిచూశాకే మిగతావి.

* వేగం పెరిగేకొద్దీ బొంగురు మోత, ఒకవైపు తిప్పినప్పుడు పెరిగి రెండోవైపు తగ్గుతోందా? హబ్ బేరింగ్ కావచ్చు. ఎడమకి తిప్పితే పెరిగితే సాధారణంగా కుడిచక్రానిది.

* గేరు వేసి కదిలించగానే ‘టక్’మంటోందా? మెల్లగా వెళ్తుంటే పిచ్చుకలా ‘కిచకిచ’ వినిపిస్తోందా? ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ చూపించండి.

* క్లచ్ తొక్కితేనే చప్పుడొస్తోందా? క్లచ్ రిలీజ్ బేరింగ్. న్యూట్రల్‌లో ఉండి, క్లచ్ తొక్కగానే పోతోందా? గేర్‌బాక్స్ ముందటి బేరింగ్.

* ఏదో ఒక్క గేరులోనే మోత వస్తోందా? గేర్‌బాక్సులో చూడాలి.

* ఎక్సలేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఇంకోలా మూలుగుతోందా? హౌసింగ్. ముందు నూనె రంగు చూడమనండి.

* ముందు చక్రాలతో నడిచే కొత్తతరం బండిలో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ‘టకటక’ అంటోందా? ముందు యాక్సిళ్ల సీవీ జాయింట్లు. పైనున్న రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి.

* ఫోర్‌వీల్ బండైతే ఆ లివర్ పొరపాటున ఫోర్‌వీల్‌లోనే ఉండిపోయిందేమో చూసుకోండి!

* ఈ పరీక్షలన్నీ ఖాళీ రోడ్డుమీదే, పక్కన ఇంకొకరు ఉండగానే చేయండి. పరుగుమీద ఇంజిన్ ఆపొద్దు. స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది.

* షెడ్డుకి వెళ్లేముందు ఒక కాగితంమీద రాసుకోండి: ఏ వేగంలో, ఏ గేరులో, తొక్కితేనా వదిలితేనా, తిప్పితేనా తిన్నగానా, ఎప్పటినుంచి, అంతకుముందు బండికేం జరిగింది. మెకానిక్‌ని బండెక్కి తిరిగి చూడమనండి. ఎక్కనంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

* * *

రెండోరోజు చీకటిపడ్డాక బండి చేతికొచ్చింది. డబ్బులిస్తూ నాన్న ‘‘ఇంకెన్నేండ్లు నడుస్తది ఉస్తాద్?’’ అనడిగారు. ‘‘అది చెప్తనే ఉంటది సార్. మీరు ఇంటనే ఉండుండ్రి’’ అన్నాడాయన. ఐదువందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మన్నాడు, లోపల ఏమన్నా తడి మిగిలితే పోయేలా నూనె ఇంకోసారి మార్చడానికి.

లింగంపేట దాటాం. అడవి వచ్చింది. నలభై... యాభై... అరవై. ముగ్గురం మాటలాపి వింటున్నాం. ఇంజిన్ హోరు, టైర్ల సవ్వడి, కిటికీ సందులోంచి గాలి. అంతే!

అంతలో వెనకనుంచి సన్నగా ‘టక టక టక’.

నాన్న మొహంలో రంగు మారింది. బండి పక్కకి తీయబోతుంటే అమ్మ వెనక్కి వంగి ఏదో తీసి ఒళ్లో పెట్టుకుంది. చప్పుడు ఆగిపోయింది.

టిఫిన్ డబ్బా మూత!